కోచ్‌కి కోపమొచ్చిందనుకున్న ఏడాది

అమెరికాలోని డకోటా మైదానంలో గాలి ఎవరినీ పలకరించకుండా వస్తుంది, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది. హెగ్డాల్ ఊరి జనం కూడా ఇంచుమించు అంతే. వాళ్ళ తాతలు నార్వే నుంచి ఓడెక్కేటప్పుడు బరువెక్కువైందని మాటల మూటని రేవులోనే దించేసి వచ్చారని పక్క ఊరి జర్మన్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ఊళ్ళో ఒక్క హాల్వర్ నీగార్డ్‌కి మాత్రం గొంతుండేది.

అది ఆవుల్ని పిలిచీ పిలిచీ పెరిగిన గొంతు. వాళ్ళ పొలానికి కంచె ఉండేది కాదు. సాయంత్రం ఆవులు ఆకాశం అంచుదాకా వెళ్ళి మేస్తుంటే, పిల్లవాడు పెరటి బండి మీదికెక్కి నోరు తెరిచేవాడు. ఆవులు ఒక్కొక్కటే తలెత్తి, ఎవరో తాడు పట్టి లాగినట్టు ఇంటిదారి పట్టేవి. ఈ గొంతు దేవుడి పనికే పుట్టిందని తల్లి నమ్మింది. పాస్టరవుతాడని హెగ్డాల్‌లోని చర్చివారి కాలేజీకి పంపింది. వెళ్ళిన మొదటి వారమే అతను, కోడిగుడ్డులా సాగిన తోలుబంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని భుజంతో తోసుకుంటూ పరిగెత్తే ఫుట్‌బాల్ చూశాడు. బైబిలు తెరిచిన పేజీలోనే ఉండిపోయింది.

చదువయ్యాక కొన్నాళ్ళు ఎక్కడెక్కడో బళ్ళలో పాఠాలు చెప్పాడు. ఆపైన సొంత కాలేజీయే పిలిచింది. జీతం ఒకటి, ఆటలు రెండు. ఆకులు రాలే కాలంలో ఫుట్‌బాల్. మైదానాన్ని మంచు కప్పేయగానే అదే కుర్రాళ్ళ చేత మేకుల బూట్లు విప్పించి, గుడ్డ బూట్లు తొడిగించి, చెక్క నేల పరిచిన హాల్లోకి తోలి బాస్కెట్‌బాల్. మైదానం మీద సున్నంతో గీతలు గీసేదీ, చిరిగిన చొక్కాలు కుట్టేదీ, పోటీలకి బస్సు నడిపేదీ అతనే. పదిమంది పని ఒక్కడే చేస్తున్నాడని ఎవరైనా జాలిపడితే, పదిమందినీ పెట్టుకుంటే వాళ్ళతో మాట్లాడాల్సొస్తుందని మా ఊరివాళ్ళకి భయమండీ, అనేవాడు.

సిగ్నే ఆ ఊరి టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. ఆమెకి అతని ముఖం కన్నా ముందు గొంతు పరిచయం. అతను ఫోనెత్తితే చెవి దగ్గరి గొట్టాన్ని మూరెడు దూరం పెట్టుకుని వినాల్సి వచ్చేది. పెళ్ళయ్యాక కూడా అతను వంటింట్లో మాట్లాడుతుంటే ఆమె హాల్లో కూర్చుని కుట్టుపని చేసుకునేది. ఆ దూరంలోనే ఆ గొంతు తనకి చాలా అందంగా ఉంటుందనేది.

అంత గొంతున్న మనిషికి ఒక శిక్ష ఉండేది. ఆ రోజుల్లో రెండు ఆటల్లోనూ, ఆట మొదలయ్యాక కోచ్ ఆటగాళ్ళకి ఒక్క సలహా కూడా ఇవ్వకూడదు. బాస్కెట్‌బాల్‌లో మధ్య మధ్య నిమిషం సేపు ఆట ఆపి ఊపిరి తీసుకోనిస్తారు. అప్పుడు కూడా అయిదుగురు కుర్రాళ్ళూ నేల మధ్యలో చతికిలబడి తమలో తాము గుసగుసలాడుకోవలసిందే. కోచ్ దూరంగా బల్ల మీద కూర్చుని, పెళ్ళికొచ్చి భోజనానికి పిలుపందని చుట్టంలా చూస్తుండాలి. హాల్వర్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. వారమంతా మైదానం దద్దరిల్లేలా అరిచిన మనిషి ఆట రోజున మూత బిగించిన కాఫీ కెటిల్‌లా కుతకుతమని ఉడికేవాడు. "ఆ ఒక్క నిమిషం నాకిస్తే చాలు సిగ్నే, రాజ్యాలు గెలుస్తా" అనేవాడు. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. జుట్టు పండింది. కుర్రాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. కొందరు తిరిగొచ్చారు.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి, ఒక వేసవిలో, అతని గొంతులో ఇసుక పడ్డట్టయింది. మొదట జలుబనుకున్నాడు. జూలై నాటికి మాటకి ముందు గరగర, మాట తరవాత నొప్పి. సిగ్నే ఇక ఊరుకోలేదు. చెల్లెల్ని చూసొస్తామని ఊళ్ళో చెప్పి, రైలెక్కించి మినియాపొలిస్ తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు గొంతులో చిన్న గడ్డ ఉందని దాన్ని తీసేశాడు. అది చెడ్డ జబ్బు కాదని తేలిన రోజున భార్యాభర్తలిద్దరూ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, చెరొక ఆపిల్ పండు కొరుక్కుంటూ, ఎండని చూస్తూ ఉండిపోయారు. ఎండ కూడా కొత్తగా కడిగినట్టుండింది.

అయితే డాక్టరు మరో మాట చెప్పాడు. వసంతం వచ్చేదాకా గొంతు వాడకూడదు. మరీ అవసరమైతే ఒకటి రెండు ముక్కలు, గాలితో అన్నట్టు. ఆ తర్వాత గొంతు రావచ్చు. రాకపోవచ్చు కూడా.

ప్రాణం దక్కిందన్న సంతోషం రైలు హెగ్డాల్ చేరేలోపే బతుకుతెరువు భయంగా మారింది. కోచ్ ఉద్యోగం ఏడాదికోసారి, జనవరిలో కాలేజీ పెద్దలు కూర్చుని పొడిగించేది. ఉంటున్న ఇల్లు కాలేజీది. పొలం అన్న చేతికి ఎప్పుడో వెళ్ళిపోయింది. అరవలేని కోచ్‌ని ఎవరుంచుకుంటారు?

"చెప్పేద్దాం హాల్వర్" అంది సిగ్నే, కిటికీలోంచి గోధుమ చేలని చూస్తూ. "నువ్వేం దొంగతనం చేశావని దాచడం?"

అతను తల అడ్డంగా ఊపాడు. జనవరి, అని పెదాలతో అన్నాడు.

"అప్పటిదాకా ఎలా? ఎవరూ అడగరా?"

అతను భార్య వైపు అదోలా చూశాడు. ఆమెకి నవ్వొచ్చింది. హెగ్డాల్‌లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఒకడు చెయ్యి విరగ్గొట్టుకుని కట్టుతో చర్చికొస్తే, వానలెలా ఉంటాయంటారని పలకరిస్తారు. ఎదుటివాడి కష్టం గురించి అడగడమంటే చెప్పకుండా వాళ్ళింట్లోకి దూరి అటక మీద వెతకడంతో సమానం.

ఎవరూ అడగలేదు. కానీ ఆలోచించారు. అంత గొంతున్న మనిషి ఆగస్టులో వచ్చి, విజిల్ తప్ప ఇంకేమీ ఊదకుండా, చెయ్యాల్సింది నల్లబల్ల మీద సుద్దతో రాసి చేతులు కట్టుకుని నిలబడితే, ఎవరు మాత్రం ఏమనుకుంటారు? కోపమొచ్చిందనుకున్నారు. ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి ఎవరికి వాళ్ళు తమ మనసుల్లోనే వెతుక్కున్నారు. వెతికిన ప్రతివాడికీ ఏదో ఒక తప్పు దొరికింది.

జట్టు నాయకుడు ఆర్విడ్ క్విస్టాడ్ మొదటి రోజే లాయల్ అనే తన స్నేహితుణ్ణి గోడ పక్కకి లాక్కెళ్ళాడు. "తెలిసిపోయిందిరా."

"ఏది?"

"ఇంకేది, తిరనాళ్ళలో మనం పందుల కొట్టం వెనక బీరు తాగింది. ఆయన ముఖం చూశావా? మనతో మాట్లాడ్డానిక్కూడా అసహ్యంగా ఉందిరా ఆయనకి."

"నీ వల్లే. ఒక్క సీసాతో ఆపుదామన్నాను."

"ఆ మాట నువ్వు మూడో సీసా పట్టుకుని అన్నావు."

ఆ రోజు నుంచి కుర్రాళ్ళు చెప్పకపోయినా మైదానం చుట్టూ అదనంగా పరిగెత్తారు. మంగలి నెల్స్, పోయినేడు తన దుకాణంలో పదిమంది ముందు కోచ్‌కి ఆట రాదన్నవాడు, హాల్వర్ వచ్చి కుర్చీలో కూర్చోగానే చెమటలు కక్కి, క్షవరం చేసి, డబ్బులు తీసుకోనన్నాడు. కాలేజీ పెద్దలకి పెద్ద ఓస్కార్ బ్రెక్కే. ఊరి ధాన్యపు గోదాము ఆయనదే. కుర్రాళ్ళు ఆట తరవాత స్నానం చెయ్యడానికి వేడినీళ్ళ బాయిలరు కావాలని హాల్వర్ వసంతంలో అడిగితే, చన్నీళ్ళు మగతనం పెంచుతాయని తోసిపుచ్చిన మనిషి. అక్టోబరు నాటికి ఆయనకి నిద్రపట్టలేదు. ఒక పొద్దున స్నానాల గది ముందు గొట్టాల బండి వచ్చి ఆగింది.

హాల్వర్‌కి ఇదేమీ అర్థం కాలేదు. ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి పళ్ళ రొట్టెలు వస్తున్నాయి. చర్చిలో ముందు వరసలో చోటు వదులుతున్నారు. "ఈ ఊరికేమైంది?" అని గాలితో అన్నాడు ఒక సాయంత్రం.

"ఏమో మరి. నువ్వు మాట్లాడకపోవడం ఊరికి బాగా కలిసొస్తోంది" అంది సిగ్నే.

ఊరికి కలిసొచ్చింది గానీ ఆటకి రాలేదు. కుర్రాళ్ళు బంతి పట్టుకోగానే ముందు కోచ్ ముఖం వైపు చూసేవాళ్ళు. ఆ చూసే రెప్పపాటులో ఎదుటి జట్టువాడు వచ్చి మీద పడేవాడు. ఫుట్‌బాల్ కాలమంతా అలాగే నడిచింది. ఓడిన ప్రతిసారీ హాల్వర్ తనలో తాను కుంగిపోయేవాడు. ఆ కుంగుబాటు చూసి కుర్రాళ్ళు మరింత వణికేవాళ్ళు. సాయంత్రాలు అతను వంటింట్లో కూర్చుని, కుండలో ఉడికే బంగాళాదుంపల మాటలు వింటున్నట్టుండేవాడు. ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తే ఏది ముందు సర్దాలో సిగ్నే మనసులో సర్దుకునేది. పైకి అనేది కాదు. ఆమెదీ ఆ ఊరే.

చలికాలం మొదట్లో మరో కబురొచ్చింది. ఆటల పెద్దలు నియమం మార్చారు. ఇకమీదట బాస్కెట్‌బాల్‌లో ఆట ఆగిన నిమిషంలో కోచ్ వెళ్ళి తన జట్టుతో మాట్లాడవచ్చు. హాల్వర్ ఆ కాగితం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. ఇరవై ఏళ్ళు తపస్సు చేసినవాడికి దేవుడు ప్రత్యక్షమై, నాలుక తీసుకుని వరమిచ్చినట్టయింది.

పరాయి ఊళ్ళలో జరిగిన మొదటి ఆటల్లో ఎలాగో తప్పించుకున్నాడు. ఆట ఆగినప్పుడు బల్ల మీదే ఉండిపోయేవాడు. పాతకాలపు మనిషి, కొత్త నియమం నచ్చలేదనుకున్నారు. కానీ క్రిస్మస్‌కి ముందు శనివారం మధ్యాహ్నం, సొంత హాల్లో, పక్క ఊరి జర్మన్ల కాలేజీతో ఆట. ఊరంతా వచ్చింది. పైనున్న కిటికీల్లోంచి మంచు వెలుగు పాలలా జారి చెక్క నేల మీద పడుతోంది. తడిసిన ఉన్ని కోట్ల వాసన, కాఫీ వాసన. ముందు వరసలో బ్రెక్కే. ఆయన పక్కన, కొత్త ఓవర్‌కోటు తొడుక్కుని, ఊరికి కొత్తయిన ఒక యువకుడు. విశాలమైన భుజాలు. హాలంతా కళ్ళతో కొలుస్తున్నట్టు చూస్తున్నాడు.

హాల్వర్ అతన్ని చూడగానే అర్థం చేసుకున్నాడు. తన చోటులోకి మనిషిని తెచ్చారు. జనవరిదాకా కూడా ఆగలేదు.

ఆట సగం దాటింది. హెగ్డాల్ కుర్రాళ్ళు వెనకబడ్డారు. జర్మన్లు ఆట ఆపమని అడిగారు. వాళ్ళ కోచ్, కురచ మనిషి, ఒక్క ఉరుకున వెళ్ళి తనవాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూలబడి, చేతులూ నోరూ ఒకేసారి ఆడిస్తూ చెప్పుకుపోతున్నాడు. హాలు హాలంతా మెల్లగా హాల్వర్ వైపు తిరిగింది. సిగ్నే చేతుల్లో అల్లిక సూదులు ఆగిపోయాయి.

అతను లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. పోయేదెలాగూ పోతుంది, ఇరవై ఏళ్ళు అడిగిన నిమిషంలో ఒక్కసారైనా నిలబడదామనిపించిందేమో. చెక్క నేల మీద అతని బూట్లు పెద్దగా చప్పుడు చేశాయి. అయిదుగురు కుర్రాళ్ళూ శిక్ష వినబోతున్నవాళ్ళలా తలలు దించుకుని నిలబడ్డారు.

అతను నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

"ఏంటి కోచ్?" ఆర్విడ్ ముందుకి వంగాడు.

"గొంతు లేదు."

"ఎవరికి?"

"నాకు."

కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఇప్పుడే పోయిందా కోచ్?"

"జూలైలో. ఆపరేషన్."

నిమిషం కరిగిపోతోంది. లాయల్ ఉన్నట్టుండి అన్నాడు. "అంటే, పందుల కొట్టం సంగతి మీకు తెలీదా?"

"ఏ పందుల కొట్టం?"

ఆర్విడ్ లాయల్ కాలు తొక్కాడు. "ఏం లేదు కోచ్. వీడికి దెబ్బ తగిలింది తలకి." ఆపైన అతని గొంతు కూడా గాలిలాగే అయిపోయింది. "అయితే మీకు మా మీద కోపం లేదా?"

"కోపమా? ఎందుకు?"

"నాలుగు నెలలుగా చచ్చి బతుకుతున్నాం కోచ్. ఆడినంతసేపూ మీ ముఖమే చూశాం, ఎప్పుడు తిడతారా అని. ఒక్కసారి తిట్టేస్తే పోయేది కదా అని."

హాల్వర్ ఆ అయిదు ముఖాలనీ ఒక్కొక్కటే చూశాడు. ఫుట్‌బాల్ కాలమంతా తనకి అంతుపట్టనిది ఇప్పుడు అర్థమైంది. తను వాళ్ళ ముఖాల్లో చూసింది ఆట రానితనం కాదు. తన కడుపులో ఉన్న భయమే వాళ్ళ ముఖాల్లోనూ ఉంది. లోపల ఏదో పాత ముడి ఊడి, భుజాలు కదలడం మొదలైంది. శబ్దం లేని నవ్వు అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా ముఖం కాదు. బంతిని చూడండిరా" అన్నాడు.

ఆటల చరిత్రలో అతనికి దక్కిన మొదటి నిమిషంలో అతనిచ్చిన సలహా అంతే. కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. ఒకడు నేల మీద కూర్చుండిపోయాడు. ఏం జరిగిందో జనానికి వినపడలేదు. కోచ్ నవ్వడం మాత్రం కనపడింది. హాలంతా, నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు, ఒక్కసారిగా ఊపిరి వదిలింది. మంగలి నెల్స్ పక్కవాడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఆ తరవాత వాళ్ళాడిన ఆటని ఏమనాలో హెగ్డాల్‌లో ఎవరికీ మాట దొరకలేదు. ఒకరినొకరు తిట్టుకుంటూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ, కోడిపిల్లలని గంపలోంచి వదిలినట్టు ఆడారు. చివరికి ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయారు. ఓడినందుకు ఎవరికీ బాధ లేదు. జర్మన్లకే కొంచెం అయోమయంగా ఉంది.

హాల్వర్ బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని ఉండగా బ్రెక్కే వచ్చాడు. వెనకాలే ఆ ఓవర్‌కోటు యువకుడు. హాల్వర్ లేచి నిలబడ్డాడు.

బ్రెక్కే చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. "హాల్వర్, ఎప్పుడూ అడగనిది అడుగుతున్నాను. ఏ కాలేజీ పిలిచింది నిన్ను?"

హాల్వర్‌కి అర్థం కాలేదు.

"వెళ్ళిపోతున్నావు కదా. వేసవి నుంచి మాతో ఒక్క మాట లేదు. వేడినీళ్ళు వద్దన్నానని మనసు విరిగింది నీకు. సరే, తప్పే. గొట్టాలు వేయించాను. బాయిలరు పెద్దది కావాలంటే ఇదిగో, ఆ కంపెనీ కుర్రాణ్ణి రైలెక్కించి తీసుకొచ్చాను, నువ్వే చెప్పు ఎంత పెద్దది కావాలో. జనవరిలో నువ్వు సంతకం పెట్టకపోతే ఈ ఊళ్ళో నాకు ముఖం చెల్లదు."

ఓవర్‌కోటు యువకుడు మర్యాదగా తలవంచి, "హాలు కొలతలు చూశానండీ. మధ్యరకం సరిపోతుంది" అన్నాడు.

హాల్వర్ మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. "గొంతు పోయింది, ఓస్కార్" అన్నాడు.

"ఏం పోయింది?"

"గొంతు. కోసి గడ్డ తీశారు. మళ్ళీ వస్తుందో రాదో."

బ్రెక్కే దగ్గరికొచ్చి అతని మెడ వైపు వంగి చూశాడు, గోధుమ గింజ కొరికి చూసేవాడిలా. "నొప్పా?"

"లేదు."

"ప్రాణానికేం?"

"ఏం లేదు."

"అంతేనా? ఇంకెక్కడికీ వెళ్ళవు కదా?"

"అరవలేని కోచ్‌ని ఏం చేసుకుంటారు?"

బ్రెక్కే టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. వేసవి తరవాత మొదటిసారి ఆయన ముఖం ముడతలు సర్దుకుంది. "నేను మాట్లాడనని మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. అయినా ఉంచుకుంది కదా. అరవడానికి ఆ ఆర్విడ్ ఉన్నాడు. నువ్వు ఉండు." రెండడుగులు వేసి గుమ్మంలో ఆగాడు. "మధ్యరకమే చాలంటావా?"

"చాలు."

"మంచిది. పెద్దది ఖరీదు."

వసంతంలో గొంతు వచ్చింది గానీ పాతది రాలేదు. నూనె పెట్టని తలుపులాంటి గొంతు. ఆ గొంతుతోనే అతను జుట్టంతా రాలిపోయి తలకి టోపీ వదులయ్యేదాకా రెండు ఆటలూ నేర్పాడు. అతని శిష్యులు డకోటా అంతటా బళ్ళలో కోచ్‌లయ్యారు. వాళ్ళంతా, ఎందుకో తెలియదు గానీ, ముఖ్యమైన మాట చెప్పాల్సొస్తే గొంతు తగ్గిస్తారు.

ఆట జరిగిన ఆ శనివారం అతను బయటికొచ్చేసరికి జనం వెళ్ళిపోయారు. వెలుగు ఇంకా పోలేదు. మెట్ల దగ్గర సిగ్నే ఒక్కతే నిలబడి ఉంది. అల్లిక సంచి గుండెలకి అదుముకుని ఉంది. బ్రెక్కే లోపలికి వెళ్ళడం చూసింది, నవ్వు ముఖంతో బయటికి రావడం కూడా చూసింది. కానీ ఆ ఊళ్ళో నవ్వు ముఖాన్ని నమ్మకూడదని ఆమెకి తెలుసు.

"ఏమన్నాడు?"

"ఉండమన్నాడు."

ఆమె చేతి తొడుగు తీసి అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మంచు మీద ఇంటివైపు నడిచారు. డాక్టరు వద్దన్నా వినకుండా అతను దారంతా గాలితో ఏదో చెబుతూనే ఉన్నాడు. వినడానికి ఆమె అతని భుజానికి చెవి ఆనించి నడవాల్సి వచ్చింది.